అటెండెన్స్ 63 శాతానికి పడింది, ఏడాది పోయినట్టేనా? తమ్ముడి గురించి అడిగిన అక్కకు

మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకూ తెలుస్తుంది. మీది పుంగనూరు దగ్గర పల్లె. తమ్ముడు తిరుపతి కొర్లగుంటలో రూము తీసుకుని, జేఎన్‌టీయూ అనంతపురం కింద ఉన్న కాలేజీలో బీటెక్ సెకండియర్ రెండో సెమిస్టర్ చదువుతున్నాడు. డెంగీ వచ్చి నెల రోజులు క్లాసులకు పోలేదు, సెమిస్టర్ మధ్యలో పెట్టే మొదటి మిడ్ పరీక్ష కూడా రాయలేదు. ఇప్పుడు అటెండెన్స్ 63 శాతం. పాత సబ్జెక్టులు నాలుగు పాస్ కాకుండా మిగిలున్నాయి. 'నువ్వు డిటైన్ అయిపోతావు', అంటే ముందుకు పోనివ్వకుండా ఆపేస్తారు అని క్లాసులో ఎవరో అన్నప్పటి నుంచి రూములోంచి బయటికి రావడం లేదు, చదువు మానేస్తానంటున్నాడు. ఇంటికి తీసుకొచ్చేయాలా, కాలేజీకి పోయి ఎవరినైనా కలవాలా అని అడిగారు.

అమ్మా, ఏడాది ఇంకా పోలేదు. ఇంకో రెండు వారాలు వాడు రూములోనే కూర్చుంటే మాత్రం పోతుంది. నేను ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ, అకడమిక్ సెక్షన్ పనులు చూస్తూ చాలా ఏళ్లు ఉన్నాను. డిటైన్ అయిన పిల్లల్లో చాలామందికి రూలులోనే దారి ఉండింది. ఆ దారి ఉన్నట్టు తెలిసేసరికి లిస్టు యూనివర్సిటీకి వెళ్లిపోయింది. మీరు ఇప్పుడే అడిగారు, అది చాలా మంచి పని.

అటెండెన్స్ సంగతి మొదట చూద్దాం, అసలు గండం అక్కడే ఉంది. మీ తమ్ముడు చేరిన సంవత్సరాన్ని బట్టి వాడికి యూనివర్సిటీ ఆర్23 రెగ్యులేషన్, అంటే ఆ పేరున్న నిబంధనలు, వర్తిస్తాయి. వాటి ప్రకారం సెమిస్టర్ చివరి పరీక్షలు రాయాలంటే అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం హాజరు ఉండాలి. దాంతోపాటు ఒక్కో సబ్జెక్టులో విడివిడిగా కనీసం 40 శాతం ఉండాలి. మొత్తం హాజరు 65కు తగ్గకుండా, 75కు చేరకుండా మధ్యలో ఉంటే కాలేజీ అకడమిక్ కమిటీ కారణం చూసి మన్నించవచ్చు. దాన్నే కండొనేషన్ అంటారు, దానికి ఫీజు కట్టాలి. 65 కంటే తగ్గితే ఏ పరిస్థితిలోనూ మన్నించకూడదని రెగ్యులేషన్‌లోనే రాసి ఉంది. ప్రిన్సిపాల్ గారి కాళ్లు పట్టుకున్నా, ఎమ్మెల్యే గారి దగ్గర నుంచి లెటర్ తెచ్చినా 64.8ని ఎవరూ 65 చేయలేరు. కాబట్టి మీ తమ్ముడు ఇప్పుడు 75 గురించి ఆలోచించనక్కర్లేదు. 65 దాటడమే వాడి పని.

దాటగలడా? లెక్క వేసి చూడండి. ఇప్పటిదాకా 300 పీరియడ్లు జరిగాయనుకుందాం, వాడు 190కి హాజరయ్యాడు. అంటే 63.3 శాతం. ఇంకా 60 పీరియడ్లు మిగిలి, అన్నిటికీ పోతే 360కి 250, అంటే 69.4 శాతం. గండం గట్టెక్కినట్టే. అందులో 10 పీరియడ్లు ఎగ్గొట్టినా 66.7 దగ్గర నిలబడతాడు. అదే వారం పాటు, అంటే ఓ 30 పీరియడ్లు పోకపోతే 61కి పడతాడు, ఇక ఎవరూ ఏమీ చేయలేరు. ఇవి నేను ఉదాహరణకు వేసిన అంకెలు. మీ తమ్ముడి అసలు అంకెలు అకడమిక్ సెక్షన్‌లోనో, క్లాస్ ఇన్‌ఛార్జి దగ్గరో ఉంటాయి. శాతం ఒక్కటే చెబితే సరిపోదు. ఎన్ని జరిగాయి, ఎన్నిటికి వచ్చాడు, ఆఖరి పని దినం ఎప్పుడు, ఈ మూడూ కావాలి. పిల్లలు తరచూ మరిచిపోయేది ఇంకొకటుంది. ల్యాబ్ ఒక్కటి పోతే మూడు పీరియడ్లు పోయినట్టు. ల్యాబులున్న రోజు ఒంట్లో కొంచెం నలతగా ఉన్నా సరే, పోయి కూర్చోమనండి.

సబ్జెక్టువారీ 40 శాతం సంగతి కూడా చూసుకోవాలి. మొత్తం 68 ఉందని ధీమాగా ఉన్న పిల్లవాడికి వారానికి మూడు పీరియడ్లే ఉండే ఒక సబ్జెక్టులో 36 ఉండొచ్చు. నెల రోజులు ఏకబిగిన క్లాసులకు రానివాళ్లకు ఇలా జరగడం అరుదే. కానీ ఆ లెక్చరర్ సెలవుల తర్వాత ఎక్స్‌ట్రా క్లాసులు పెట్టి ఉంటే, లేదా మీ వాడు జ్వరానికి ముందు కూడా ఆ క్లాసు మానేస్తూ వచ్చి ఉంటే ఇక్కడ దొరికిపోతాడు. అందుకే సబ్జెక్టువారీ ప్రింట్ తీసుకోమంటున్నాను.

ఇక కాగితాలు. కండొనేషన్ అడిగేటప్పుడు అనారోగ్యం నిజమని చూపించేవి కావాలి. తిరుపతి రుయా ఆసుపత్రిలో చూపించుకున్నారో, పుంగనూరులో ప్రైవేటుగా చూపించుకున్నారో మీరు రాయలేదు. ఎక్కడైనా సరే ఓపీ చీటీ, రక్తపరీక్ష రిపోర్టులు, ప్లేట్‌లెట్ కౌంట్ చూసిన తేదీలున్న కాగితాలు, అడ్మిట్ చేసి ఉంటే డిశ్చార్జి సమ్మరీ, మందుల బిల్లులు, అన్నీ ఒక కవర్‌లో పెట్టండి. తేదీలే ముఖ్యం. వాడు రాని రోజులూ, కాగితాల్లో ఉన్న రోజులూ కలవాలి. 'ఎక్కడైనా ఒక మెడికల్ సర్టిఫికెట్ రాయించుకుని రా' అని సీనియర్లు సలహా ఇస్తుంటారు, దయచేసి ఆ పని చేయొద్దు. కమిటీలో కూర్చున్న వాళ్లకు అలాంటి కాగితం చూడగానే తెలిసిపోతుంది. నిజంగా జబ్బు పడ్డవాడి మీద కూడా అనుమానం వచ్చేది ఇలాంటి వాటివల్లే. మీ దగ్గర అసలు కాగితాలు ఉన్నాయి, అవే చాలు.

ఆ కవర్ సెమిస్టర్ చివరిదాకా బ్యాగులో పెట్టుకోకూడదు, ఇప్పుడే ఇవ్వాలి. నేను పనిచేసిన ఒక కాలేజీలో పలమనేరు వైపు అబ్బాయికి కామెర్లు వచ్చాయి. డిశ్చార్జి సమ్మరీ రెండు నెలలు బ్యాగులోనే తిప్పాడు, ఎవరికి ఇవ్వాలో వాడికి ఎవరూ చెప్పలేదు. కండొనేషన్‌కు దరఖాస్తు చేసుకోమని నోటీసు పెట్టారు. ఆఫీసు కిటికీ పక్కన, ఇంగ్లిష్‌లో, ఏ4 కాగితం మీద, నాలుగు రోజుల గడువుతో. వాడు ఆ నాలుగు రోజులూ ఇంట్లోనే ఉన్నాడు. వాళ్లమ్మ వచ్చి ఆ నోటీసు ముందే నిలబడి, 'ఇందులో ఏముందో చదివి చెప్పు సామీ' అని అటెండర్‌ని అడుగుతుంటే చూశాను. అప్పటికి తేదీ దాటి వారమైంది. 68 శాతం ఉన్న పిల్లవాడు అలా ఏడాది పోగొట్టుకున్నాడు. ఇది ఇప్పటికీ నాకు కోపం తెప్పించే విషయం. ఒక ఫోన్ చేసి ఉంటే సరిపోయేది, ఆ పని కాలేజీది. కాలేజీ చేయకపోతే మీరు చేయాలి, వేరే మార్గం లేదు. కాబట్టి ఈ వారంలోనే హెచ్‌ఓడీ, అంటే వాడి డిపార్ట్‌మెంట్ హెడ్, పేరున ఒక లెటర్ రాసి, మెడికల్ కాగితాల జిరాక్సులు జతచేసి ఇవ్వండి. రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకుని దగ్గర పెట్టుకోండి. లెటర్ అర పేజీ చాలు. పేరు, హాల్ టికెట్ నంబరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా రాలేదు, జబ్బేంటి, జతచేసిన కాగితాలేంటి, కండొనేషన్‌కు పరిగణించమని విన్నపం. ఇంగ్లిష్ తప్పులుంటాయేమోనని వాడు వెనకాడొద్దు. తప్పులున్న లెటర్‌ని ఎవరూ తిప్పి పంపరు.

పాత సబ్జెక్టులు నాలుగు ఉన్నాయని వాడు హడలిపోతున్నాడు కదా, దీనికి అంత టెన్షన్ అక్కర్లేదు. ఫస్టియర్ నుంచి సెకండియర్‌కు రావడానికి అటెండెన్స్ ఉంటే చాలు. సెకండియర్ నుంచి థర్డియర్‌కు పోవడానికి క్రెడిట్ల షరతు ఉంది, సబ్జెక్టు పాసైతే వచ్చే పాయింట్లే క్రెడిట్లు. మూడో సెమిస్టర్ దాకా చదివిన సబ్జెక్టుల క్రెడిట్లలో 40 శాతం సంపాదించి ఉండాలి, దశాంశం వస్తే కింది అంకెకే లెక్క. మూడు సెమిస్టర్లకు కలిపి సుమారు 60 క్రెడిట్లు అనుకుంటే 24 కావాలి. మీ వాడు పోగొట్టుకున్నవి నాలుగు సబ్జెక్టులు, ఒక్కోటి 3 క్రెడిట్ల చొప్పున 12. అంటే చేతిలో 48 దాకా ఉన్నాయి, కావాల్సిన దానికి రెట్టింపు. క్రెడిట్ల వల్ల వాడు ఆగిపోడు. ఈ ముక్క ఈరోజే చెప్పండి. 'నాలుగు బ్యాక్‌లాగులుంటే డిటైన్' అని క్లాసులో తిరిగే మాట వాడి విషయంలో తప్పు.

అలాగని వదిలేయమని కాదు. తప్పిన సబ్జెక్టులకు మళ్లీ పెట్టే సప్లీ పరీక్షల నోటిఫికేషన్ వచ్చినప్పుడు నాలుగింటికీ ఒకేసారి ఫీజు కట్టి, నాలుగూ సగం సగం చదివి, మళ్లీ నాలుగూ పోగొట్టుకునే పిల్లలు చాలామంది. రెండు ఎంచుకుని గట్టిగా చదివితే ఆ రెండూ పాసవ్వొచ్చు. మొదట గణితం ఉంటే దాన్నే పట్టుకోమనండి, తర్వాతి సబ్జెక్టులకు అది ఆధారం. ఈ సెమిస్టర్ సబ్జెక్టులు మాత్రం కొత్తగా బ్యాక్‌లాగ్ కాకుండా చూసుకోవాలి.

మొదటి మిడ్ రాయలేదు కాబట్టి ఇంటర్నల్స్ సున్నా అని కూడా అనుకుంటున్నట్టున్నాడు. కాదు. థియరీ సబ్జెక్టుకు మిడ్ పరీక్షల ఇంటర్నల్ మార్కులు 30, సెమిస్టర్ చివరి పరీక్ష, అంటే ఎక్స్‌టర్నల్, 70. రెండు మిడ్లలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం విలువ ఇచ్చి కలుపుతారు. ఒకటి రాయకపోతే రాసినదానిలో 80 శాతం వస్తుంది, రెండోదానికి సున్నా. రెండో మిడ్‌లో 30కి 25 తెచ్చుకుంటే ఇంటర్నల్ 20 పడుతుంది. పాస్ కావడానికి చివరి పరీక్షలో 35 శాతం, అంటే 70కి 25, రెండూ కలిపి 40 రావాలి. 20 చేతిలో ఉంటే చివరి పరీక్షలో 25 వస్తే చాలు. అదే రెండో మిడ్ కూడా సరిగా రాయక ఇంటర్నల్ 8 దగ్గర ఆగితే 70కి 32 తెచ్చుకోవాలి. ఈ 8 సప్లీలకు కూడా వెంట వస్తుంది. అందువల్ల రెండో మిడ్ ముందు వారమే ఈ సెమిస్టర్‌లో వాడికి అన్నిటికంటే విలువైన వారం. జ్వరంలో పోయిన పాఠాలన్నీ తిరిగి చదివే ప్రయత్నం వద్దు. రెండో మిడ్ సిలబస్ మీదే కూర్చోమనండి, మొదటి యూనిట్లు ప్రిపరేషన్ సెలవుల్లో చూసుకోవచ్చు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. దానికి కూడా 75 శాతం హాజరు షరతు ఉంది. పరీక్షలకు కండొనేషన్ వచ్చినంత మాత్రాన ఇక్కడ కూడా సరిపోయిందని అనుకోవద్దు. కాలేజీలో స్కాలర్‌షిప్ సెక్షన్‌ని, మీ ఊరి సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ని అడిగి జ్ఞానభూమి పోర్టల్‌లో వాడి స్టేటస్ చూపించుకోండి.

ఎవరిని కలవాలి అన్నారు. నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికి పోవద్దు. కాలేజీలో కొంతమంది పిల్లలకు ఒకరు చొప్పున, వాళ్ల బాగోగులు చూసే లెక్చరర్ ఉంటారు, మెంటర్ అంటారు. కొన్నిచోట్ల కౌన్సెలర్ అంటారు. వాడి మెంటర్ ఎవరో వాడికే తెలియకపోవచ్చు. సెమిస్టర్‌కు ఒకసారి ఫారం మీద సంతకం పెట్టించుకుని వదిలేసే మెంటర్లు కూడా ఉన్నారు, ఆ మాట దాచను. అయినా మొదట ఆయన్ని లేదా ఆమెనే కలవండి. ఎందుకంటే అకడమిక్ కమిటీలో మీ తమ్ముడి పేరు వచ్చినప్పుడు, 'ఈ అబ్బాయి నాకు తెలుసు సార్, నిజంగా జబ్బు పడ్డాడు, ఇప్పుడు రోజూ వస్తున్నాడు' అని ఎవరో ఒకరు అనాలి. ఆ ఒక్క మాటకు అక్కడ ఎంత విలువో నేను చూశాను. తర్వాత హెచ్‌ఓడీ. అక్కడ పని కాకపోతేనే ప్రిన్సిపాల్. మీరూ వెంట వెళ్లండి. మీ నాన్నగారికి రావడం కుదరకపోతే పెద్దక్కగా మీరు వెళ్లడంలో తప్పేమీ లేదు, ఇంట్లో వాళ్లు వచ్చారంటే కాలేజీ వాళ్లు శ్రద్ధగా వింటారు. వెళ్లి నిలదీయొద్దు, ప్రింట్ ముందు పెట్టుకుని 65 దాటడానికి ఎన్ని పీరియడ్లు కావాలో అడగండి.

ఇచ్చిన లెటర్ తీసుకోకపోయినా, కాగితాలు చూడకుండానే కాదన్నా దానికీ దారి ఉంది. యూనివర్సిటీలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ యూజీసీ 2023లో తెచ్చిన ఫిర్యాదుల పరిష్కార నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అది 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. ఆ నిర్ణయం నచ్చకపోతే 15 రోజుల్లోగా యూనివర్సిటీలో అప్పీళ్లు వినే అధికారికి, అంటే అంబుడ్స్‌పర్సన్‌కు, అప్పీలు చేసుకోవచ్చు. అయితే 65 లోపు హాజరును 65 చేయమని అక్కడ అడగలేం. పేపర్ మళ్లీ దిద్దమని కూడా అడగలేం, ఫలితాన్ని మార్చేసేంత స్పష్టమైన అవకతవకో, వివక్షో చూపిస్తే తప్ప. దరఖాస్తు తీసుకోలేదు, సర్టిఫికెట్లు ఆపేశారు, లేని ఫీజు అడుగుతున్నారు, ఇలాంటివాటికి ఆ కమిటీ ఉపయోగం.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టిన వాక్యం దగ్గరికి వస్తాను. 'అన్నం కూడా సరిగా తినడం లేదట, ఫోన్ ఎత్తడం లేదు' అని రాశారు. డెంగీ తర్వాత ఒంట్లో నీరసం వారాల తరబడి ఉంటుంది, దాని మీద ఈ భయం తోడైంది. బద్ధకం అనుకోవద్దు. 'అందరూ చదువుతున్నారు, నీకేం రోగం' అనే మాట ఇంట్లో ఎవరి నోటా రాకుండా చూడండి. పల్లె నుంచి, తెలుగు మీడియం నుంచి వచ్చి, ఫస్టియర్‌లోనే సబ్జెక్టులు పోయిన పిల్లలు ఇంటికి చెప్పుకోలేక మగ్గిపోతారు. నాన్న అప్పు చేసి పంపుతున్నాడన్న బరువు ఒకపక్క, రూములో మిగతావాళ్లు పాసయ్యారన్న సిగ్గు ఇంకోపక్క. మీరు ఫోన్లో ఎంత చెప్పినా ఎక్కదు. రేపు పొద్దున బస్సెక్కి కొర్లగుంటకు పోండి. కాలేజీ గురించి మాట్లాడకముందు వాడితో కూర్చుని అన్నం తినండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా, నెమ్మదిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన వస్తుందని భయపడొద్దు, అడిగితేనే మనసులో మాట బయటికొస్తుంది. అవునన్నా, మీకు అనుమానంగా ఉన్నా ఒంటరిగా వదలకుండా అదే రోజు రుయాకు తీసుకెళ్లండి, అక్కడ మానసిక వైద్యుల విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416, రాత్రీపగలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. కాలేజీలో కూడా మానసిక సమస్యలు చూసే కౌన్సెలర్ ఉన్నారేమో అడగండి. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హత ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2025 జూలైలో చెప్పింది. మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే ఆ తీర్పు వచ్చింది.

వాడి పరిస్థితి చూశాక, వైద్యుడు విశ్రాంతి కావాలంటే ఈ సెమిస్టర్ వదిలేసినా ఫరవాలేదు. ఇది మనస్ఫూర్తిగా అంటున్నాను, ప్రాణం కంటే సెమిస్టర్ ఎక్కువ కాదు. హాజరు చాలక ఆగిపోయినవాళ్లు మళ్లీ ఆ సెమిస్టర్ మొదలైనప్పుడు రీ-అడ్మిషన్ తీసుకుని చదువుకోవచ్చు. బీటెక్‌కు ఎనిమిదేళ్ల దాకా గడువుంది. ఒక చిక్కు మాత్రం ముందే తెలుసుకోండి. మళ్లీ చేరేసరికి రెగ్యులేషన్ మారి ఉంటే కొత్తదానిలోకి వెళ్లాల్సి వస్తుంది, అప్పుడు కొన్ని సబ్జెక్టులు అదనంగా రాయాల్సి రావచ్చు. రీ-అడ్మిషన్ కూడా క్లాసులు మొదలైన రోజు నుంచే తీసుకోవాలి, ఆలస్యం చేస్తే మళ్లీ అటెండెన్స్ గొడవే. జూనియర్లతో కూర్చోవాలన్న సిగ్గు మొదట్లో ఉంటుంది, తర్వాత మరిచిపోతారు. అలా ఏడాది ఆగి చదివి, ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు నాకు తెలుసు.

పూర్తిగా మానేయడం గురించి ఇప్పుడు నిర్ణయం తీసుకోవద్దు, భయంలో ఉన్నప్పుడు తీసుకునే నిర్ణయం కాదది. టీసీకి దరఖాస్తు పెట్టనివ్వొద్దు. ఎప్పుడైనా నిజంగా మానాల్సి వస్తే, మిగతా సంవత్సరాల ఫీజు కడితేనే టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ ఇస్తామని కాలేజీ అనడానికి వీల్లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది.

రేపు తమ్ముడిని చూసి రండి. ఎల్లుండి ఇద్దరూ కలిసి కాలేజీకి వెళ్లి సబ్జెక్టువారీ ప్రింట్, ఆఖరి పని దినం తేదీ తీసుకోండి. ఆ అంకెలు నాకు రాస్తే వాడు ఏ క్లాసు మానకూడదో, ఎక్కడ కొంచెం వెసులుబాటు ఉందో లెక్క వేసి చెబుతాను. ప్రింట్ ఇవ్వనన్నా, లెటర్ తీసుకోనన్నా అది కూడా రాయండి. ఫిర్యాదుల కమిటీకి ఎలా రాయాలో నేను చూస్తాను.